మైకత్త పిలిచిన పిల్లలు

మైకత్త గొంతు విని, మనిషిని చూడాలని ముచ్చటపడి వచ్చినవాళ్ళు, చూశాక కాస్త చిన్నబోయేవాళ్ళు. ఆ గొంతుకీ ఈ మనిషికీ పొంతనే ఉండేది కాదు. పిడికెడంత మనిషి. మెడకి ఎండాకాలంలో కూడా ఒక నూలు గుడ్డ చుట్టుకుని, కాళ్ళు నేలకందని ఎత్తు కుర్చీలో మైకు ముందు కూర్చునేది. బస్ స్టాండులో నా ఎంక్వైరీ కౌంటరు కింద, ఆవిడ అద్దాల గది సరిగ్గా నా నెత్తిన. కాసిని ఇనుప మెట్లెక్కితే ఆవిడ. నా ఉద్యోగమంతా ఆ గొంతు కిందే గడిచింది. ఇంట్లో మా ఆవిడ మాట వినకుండా ఎన్ని రోజులైనా గడిపాను గానీ, మైకత్త మాట వినకుండా ఒక్క పూట గడవలేదు.

ఆవిణ్ణి అత్తా అనడం ఆవిడ మేనకోడలితో మొదలైంది. మైకత్త తమ్ముడు మా డిపోలోనే డ్రైవరు. ఒక వేసవిలో మిట్టమధ్యాహ్నం బస్సు తెచ్చి ప్లాట్‌ఫారం దగ్గర పెట్టి, ఇంజను ఆపకుండానే స్టీరింగు మీద తల వాల్చాడు. కునుకు తీస్తున్నాడు, లేపకండని నేనే అన్నాను. ఎండదెబ్బ. భార్య అంతకుముందే పోయింది. పసిపిల్లని మైకత్త తీసుకొచ్చి, అద్దాల గదిలో తన కుర్చీ పక్కన చాప వేసి పెంచింది. రోజంతా అది అత్తా అత్తా అంటుంటే ముందు పోర్టర్లకి, తర్వాత డ్రైవర్లకి, చివరికి డిపో మేనేజరుకీ అదే నోటికొచ్చింది. పిల్ల నోరు ఒక్క క్షణం ఊరుకునేది కాదు కాబట్టి దాన్ని పిచ్చుక అన్నాం. నన్ను బాబాయ్ అంటుంది.

మైకత్త ఏది రాసిస్తే అది చదివేది. బస్సు రద్దయిందన్నా, జేబుదొంగలున్నారు జాగ్రత్త అన్నా, పెద్దమనిషెవరో వస్తున్నాడు దారి వదలండన్నా ఒకటే గొంతు. ఒకసారి డిపో మేనేజరు డ్రైవర్ల మీద కోపంతో రాసి పారేసిన తిట్ల కాగితం ఎలా వెళ్ళిందో పైకి వెళ్ళింది. అక్షరం పొల్లు పోకుండా చదివేసింది. ప్లాట్‌ఫారమంతా పగలబడి నవ్వింది, ఆవిడ తప్ప. అడిగితే, "నేను చదివేదాన్ని నాయనా, రాసేదాన్ని కాదు," అంది. ఆ మాట నాకు భలే నచ్చింది. నేనూ అంతే. అడిగినదానికి చెప్పేవాణ్ణి. ఎవరు ఎక్కడికి పోతున్నారు, ఎందుకు పోతున్నారు, నాకెందుకు?

తప్పిపోయినవాళ్ళని పిలిచేటప్పుడు మాత్రం ఆ గొంతు మారిపోయేది. పేరు చెప్పి, ఊరు చెప్పి, "మీ వాళ్ళు ఎంక్వైరీ దగ్గర మీ కోసం ఎదురుచూస్తున్నారు, ఎక్కడున్నా రాగలరు," అనేది. ఆ "ఎక్కడున్నా" దగ్గర కాస్త ఆగేది. విన్నవాడికి తప్పిపోయింది తనేనేమో అనిపించేది. ఆవిడ పిలిస్తే రానివాళ్ళు లేరు. పెళ్ళాంతో పోట్లాడి, ఆవిణ్ణి ఇక్కడే వదిలేసి వేరే బస్సెక్కిన ఒకాయన గేటు దగ్గర ఈ పిలుపు విని, కదులుతున్న బస్సులోంచి దూకి, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. "రావాలనుకోలేదండీ, కాళ్ళే వచ్చేశాయి," అన్నాడు. అప్పుడు నవ్వుకున్నాం.

వచ్చిన పిల్లల్ని అప్పగించడం నా పని. దానికి మా దగ్గర ఒక పద్ధతుంది. తీసుకెళ్ళడానికి వచ్చిన పెద్దవాళ్ళని వరస అడుగుతాం. ఈ పిల్ల మీకేమవుతుంది? తడుముకోకుండా చెబితే ఇస్తాం, తడబడితే కూర్చోబెడతాం. పిల్ల పేరు ఎవడైనా పక్కన నిలబడి విని చెప్పొచ్చు. వరస దగ్గర దొంగకి నాలుక తిరగదు.

పిచ్చుక కాలేజీకి వచ్చాక తన ఈడు పిల్లల్ని పోగేసి ఒక సంఘం పెట్టింది. భూమి వేడెక్కిపోతోంది, గాలి పాడైపోతోంది అని అట్టల మీద రాసుకుని వారానికోసారి గేటు పక్కన కూర్చునేవాళ్ళు. ఎండల సంఘం అని మేం వెక్కిరించేవాళ్ళం. వాళ్ళలో ఒక కుర్రాడు మెడలో థర్మామీటరు వేలాడదీసుకుని, రేకుల కింద ఎంత వేడి, చెట్ల కింద ఎంత వేడి అని కొలిచి సుద్దముక్కతో నేల మీద రాసేవాడు. వాడికి డిగ్రీ అని పేరు పెట్టారు డ్రైవర్లు. మాట పొదుపు, పని ఎక్కువ. నిలబడ్డ బస్సులు ఇంజన్లు ఆపెయ్యాలని వాళ్ళే పోరి సాధించారు. మొదటిరోజు ఇంజన్లన్నీ ఒక్కసారి ఆగేసరికి పైన రేకుల మీద పావురాల కాళ్ళ చప్పుడు వినిపించింది. అప్పటిదాకా అక్కడ పావురాలున్న సంగతే నాకు తెలీదు. ఆ నిశ్శబ్దంలో మైకత్త గొంతు గేటు దాటి, రోడ్డు దాటి ఎంత దూరం పోయేదో ఎవరూ కొలవలేదు.

తర్వాత చెట్ల గొడవొచ్చింది. ప్లాట్‌ఫారం పొడుగునా ఉన్న పాత చెట్ల వరసని కొట్టేసి దుకాణాల సముదాయం కడతామన్నారు. ఎండలో నిలబడే జనానికి ఉన్న నీడంతా అదే. పిల్లలు కాళ్ళరిగేలా తిరిగి, సంతకాలు పోగుచేసి, చివరికి పై అధికారి వాళ్ళ వాదన వింటానని ఒప్పుకునేదాకా తెచ్చారు. చెట్లు దక్కేలాగే ఉన్నాయని క్యాంటీన్ వాడు కూడా నమ్మాడు. వాడు దేన్నీ నమ్మడు.

అప్పుడే ఎక్కడో దూరదేశంలో యుద్ధం మొదలైంది. క్యాంటీన్ టీవీలో చూసేవాళ్ళం, సౌండు తగ్గించి. ఒక మధ్యాహ్నం అక్కడి బస్ స్టాండొకటి చూపించారు. సగం రేకులు కూలిపోయాయి. పక్కన చెట్ల వరస కాలుతోంది. నేల మీద పిల్లల చెప్పులు. పిచ్చుక చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రం నా కౌంటరు ఎదురుగా చెట్టు కింద సంఘం కూర్చుంది. మాటలన్నీ నాకు వినబడుతున్నాయి.

"మనం చెట్ల కోసం వచ్చాం," అన్నాడు డిగ్రీ. "యుద్ధం మీద నోరు తెరిస్తే పైవాళ్ళకి సాకు దొరుకుతుంది. చెట్లు పోతాయి."

"అక్కడా చెట్లే. వాటి కింద మనుషులు కూడా ఉన్నారు," అంది పిచ్చుక. "మా నాన్న ఎండకి పోయాడు కాబట్టి మాట్లాడొచ్చు, వాళ్ళు బాంబుకి పోయారు కాబట్టి మాట్లాడకూడదా?"

"మాట్లాడితే ఎవరి వైపు మాట్లాడతావే?" అని ఇంకో అమ్మాయి అడిగింది.

"పోయిన పిల్లల వైపు. రెండు దేశాల్లోనూ పోయుంటే ఇద్దరి పేర్లూ చదువుదాం. బాంబులు ఎక్కువ వేస్తున్నది ఎవరో, ఆపగలిగేది ఎవరో, అదీ చెబుదాం. ఊరికే శాంతి శాంతి అనుకుంటూ కూర్చోవడం నావల్ల కాదు."

నాకు నవ్వొచ్చింది. ఈ బస్ స్టాండులో పదిమంది పిల్లలు ఖండిస్తే అక్కడ విమానాలు వెనక్కి తిరుగుతాయా అన్నాడు క్యాంటీన్ వాడు, నేను తలూపాను. వాళ్ళు చేతులెత్తి తేల్చుకున్నారు. పిచ్చుక మాట నెగ్గింది. డిగ్రీ ఓడిపోయినా అలిగి వెళ్ళిపోలేదు, పేర్లు సేకరించడంలో అందరికంటే ఎక్కువ వాడే కష్టపడ్డాడు. అది చెప్పకపోతే వాడికి అన్యాయం చేసినట్టు.

బస్సుల మధ్య ఖాళీ దొరికే మధ్యాహ్నం పూట చదవడానికి డిపో మేనేజరు దగ్గర అనుమతి తెచ్చుకున్నారు. ఆయన చెట్ల గురించేననుకుని సరేనన్నాడు. పిచ్చుక ముందు నాలుగు మాటలు చెప్పింది, యుద్ధం ఆపాలని, ఎవరు ఆపాలో కూడా. తర్వాత మైకత్త పేర్లు అందుకుంది. పేరు, వయసు, ఊరు. అంతవరకే రాసిచ్చారు.

మొదటి పేరు, వయసు, ఊరు చదివింది. చదివి, ఊపిరి తీసుకుని, "మీ వాళ్ళు ఎంక్వైరీ దగ్గర మీ కోసం ఎదురుచూస్తున్నారు, ఎక్కడున్నా రాగలరు," అంది.

నేను ఉలిక్కిపడి కౌంటరు బయటికొచ్చి పైకి చూశాను. మైకత్త కళ్ళు కాగితం మీదే ఉన్నాయి. అన్న సంగతి ఆవిడకే తెలీదు. పేరు, ఊరు కలిసి వస్తే ఆ నాలుకకి తర్వాత వచ్చే మాట అదొక్కటే మరి. పక్కన నిలబడ్డ పిచ్చుక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ ఆపలేదు. రెండో పేరు. మూడో పేరు. ప్రతి పేరు తర్వాతా అదే పిలుపు, అదే చోట ఆగడం. పోర్టర్లు మూటలు దించి నిలబడ్డారు. లోపలికొస్తున్న బస్సు డ్రైవరు గేటులోనే ఇంజను ఆపేశాడు. పైన పావురాల చప్పుడు ఎప్పుడు ఆగిందో ఆగిపోయింది. అంత ఎండలో నా చేతులు చల్లబడ్డాయి. చాలా పేర్లున్నాయి. చాలాసేపు చదివింది.

అయ్యాక మంచినీళ్ళకి కిందికి దిగింది. "చదివాను కదా, బాగానే ఉందా నాయనా?"

"మీరేమన్నారో మీకు తెలుసా అత్తా?"

చెప్పాను. ఆవిడ నోటి దాకా తెచ్చిన నీళ్ళ గ్లాసు దించింది. "పిలిచానా?"

"పిలిచారు."

"అందర్నీనా?"

"అందర్నీ."

గ్లాసు పక్కన పెట్టేసింది, తాగలేదు. "పిలిస్తే వస్తారు కదా నాయనా. ఎదురుచూడ్డానికి ఎవరున్నారిక్కడ?" అని అడిగింది.

కొన్ని రోజులు ఏమీ జరగలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం దూరప్రాంతం బస్సొకటి వచ్చి ఖాళీ అయ్యాక, కౌంటరు అంచు మీద రెండు చిన్న చేతులు కనిపించాయి. లేచి చూస్తే ఒక పాప. జుట్టు నిండా సున్నం, గోడ కూలినప్పుడు పడేలాంటిది. ఒక కాలికే చెప్పుంది. అలిసిపోయిన మొహం.

"పిలిచారంట," అంది. ఏ భాషలో అని నన్నడక్కండి. నాకు అర్థమైంది, అంతే.

"ఎవరితో వచ్చావమ్మా?"

"మా వాళ్ళు ఎక్కడ?"

నోటికి అలవాటైన అబద్ధం చెప్పాను. "కూర్చో తల్లీ, వస్తారు." వెళ్ళి బల్ల మీద కూర్చుంది. కండక్టర్ని పట్టుకుని అడిగితే, నా బస్సులో అలాంటి పిల్లే ఎక్కలేదు సార్ అని ఒట్టేశాడు. మర్నాడు మరో ఇద్దరు. ఆ మర్నాడు ఇంకొందరు. ఒక పిల్లాడి వీపుకి బడి సంచీ, అందులోంచి ఇసుక కారుతూ ఉండేది, ఎంత కారినా అయిపోయేది కాదు. అందరూ నన్ను అదే అడిగేవాళ్ళు. నేను అదే చెప్పేవాణ్ణి. వాళ్ళు బల్లల మీద వరసగా కూర్చుని అద్దాల గదివైపు చూసేవాళ్ళు. ఏడవరు, ఆడుకోరు, ఏమిచ్చినా తినరు. జనం ఎంత కిక్కిరిసినా ఆ బల్లల దగ్గర మాత్రం ఎవరికీ చెప్పకుండానే కాస్త చోటు వదిలి నిలబడేవాళ్ళు. బస్ స్టాండు కుక్కలు రోడ్డవతలికి మకాం మార్చేశాయి. కాపలావాడు ఉద్యోగం మానేస్తూ నాకో మాట చెప్పాడు. "అందరూ ఒకేసారి ఊపిరి తీస్తారు సార్. తర్వాత చాలాసేపు తియ్యరు."

ఒక పెద్దమనిషి టికెట్టు ధర కనుక్కోవడానికి వచ్చి, బల్లలవైపు చూసి, గొంతు తగ్గించి, "ఏ వైపు పిల్లలండీ వీళ్ళు?" అని అడిగాడు.

"బస్సు దిగిన వైపు," అన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది.

పిచ్చుక కాలేజీ మానేసి వాళ్ళ మధ్య కూర్చునేది. జుట్టులో సున్నం దులిపేది, దులిపినకొద్దీ వచ్చేది. మైకత్త పైనుంచి దిగడమే మానేసింది. బస్సుల పేర్లు చదువుతూ మధ్యలో గొంతు వణికేది. నేను పైకి టీ పట్టుకెళ్తే, "ఇంకా ఎంతమంది వస్తారు నాయనా?" అనేది. దూరం నుంచి రావాలి కదా, ఒక్కసారి రాలేరు అనేవాణ్ణి.

డిగ్రీ ఒకరోజు వచ్చి బల్ల దగ్గర నిలబడి, అలవాటుగా థర్మామీటరు చేతిలోకి తీసుకున్నాడు. పాదరసం దిగుతోంది. నేను కూడా చూశాను. చెట్ల నీడలో ఉండే చోటు దాటి, మా ఊళ్ళో చలికాలం కూడా చూడని చోటికి దిగిపోయింది. వాడి జేబులో సుద్దముక్క ఉంది గానీ నేల మీద ఏమీ రాయలేదు. నా కౌంటరు దగ్గరికొచ్చి కళ్ళు తుడుచుకున్నాడు.

"పై అధికారి పిలిపించాడు బాబాయ్. యుద్ధం గురించి చదివింది మాది కాదని మైకులో చెప్పిస్తేనే చెట్ల సంగతి వింటాడట. మేం మళ్ళీ చేతులెత్తాం. వెనక్కి తీసుకుందామనే తేలింది."

"నువ్వూ ఎత్తావా?"

"ఎత్తాను. వీళ్ళని చూస్తే నాకు నిద్ర పట్టట్లేదు. కానీ వీళ్ళకి మనమేం చెయ్యగలం? చెట్లనైతే కాపాడగలం. ఎండలో పడిపోయేవాళ్ళని ఆపగలం."

వాడి మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే డిపో మేనేజరు స్వయంగా రాసిన కాగితం తెచ్చాడు. మా దగ్గర ఒక పిలుపు రద్దు చెయ్యాలంటే చెప్పే మాట ఒకటుంది, దాన్నీ చేర్చాడు. ఆ రోజు చదివిన పేర్లతో ఎండల సంఘానికి సంబంధం లేదు. వారి కోసం ఇక్కడ ఎవరూ ఎదురుచూడటం లేదు. అంతే. పిచ్చుక మెట్ల మీద అడ్డంగా నిలబడింది.

"చదవకత్తా."

"ఇచ్చింది చదవడమే కదే నా పని."

"చదివితే వాళ్ళు వెళ్ళిపోతారు. ఎక్కడికి పోతారనుకున్నావు? వచ్చిన చోటికేగా."

"మరి నన్నేం చెయ్యమంటావే?" అంది మైకత్త. ఆ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. "నేను పిలవాలని పిలిచానా? నోరు జారింది." పిచ్చుక పక్కకి జరిగింది.

మైకు గరగరలాడింది. మైకత్త మొదటి వాక్యం చదివింది. సంబంధం లేదు అనేసరికి బల్లల మీద పిల్లలందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. కోపం లేదు, బెంగ లేదు. పొమ్మంటే పోవడం అలవాటైన పిల్లలు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ చేతులు పట్టుకున్నారు. అందరికంటే ముందొచ్చిన పాప నా కౌంటరు దగ్గరికొచ్చి, అంచు మీద రెండు చేతులూ పెట్టి అడిగింది.

"వెనక్కి ఏ బస్సు?"

ఏ బస్సు ఎప్పుడో, ఏ ప్లాట్‌ఫారమో, నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ పిల్ల అడిగిన బస్సు మాత్రం నా పట్టికలో లేదు.

స్పీకర్లలో రెండో వాక్యం రాలేదు. మైకు తెరిచే ఉంది, ఆవిడ ఊపిరి బస్ స్టాండంతా వినబడుతోంది. తర్వాత కుర్చీ జరిగింది. ఇనుప మెట్లు చప్పుడు చేశాయి. చదువుతున్నది సగంలో వదిలి ఆవిడ కిందికి దిగడం అదే మొదటిసారి. వచ్చి నా కౌంటరు ముందు, ప్రయాణికులు నిలబడే చోట నిలబడింది. కాగితం ఇంకా చేతిలోనే ఉంది.

"పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చాను," అంది.

డిపో మేనేజరు నావైపు గుడ్లురిమి చూస్తున్నాడు. అయినా అడగాల్సింది అడగాలి కదా. "వీళ్ళు మీకేమవుతారు?"

"మేనకోడళ్ళు, మేనల్లుళ్ళు," అంది మైకత్త. నాలుక తడబడలేదు. "నాకు తమ్ముళ్ళు చాలామంది."

అప్పగించాను. చీర కొంగు ఒక పిల్ల పట్టుకుంటే, ఆ పిల్లని ఇంకో పిల్ల, అలా వరసగా గేటు దాటి వెళ్ళారు. చివర్న పిచ్చుక, ఇసుక కారే సంచీ మోస్తూ. డిగ్రీ చెట్టుకి చేరగిలబడి చూస్తూ ఉండిపోయాడు.

చెట్లు కొట్టేశారు. ఇది దాచను. ఆ వేసవిలో రేకుల కింద ఒక ముసలాయన పడిపోయాడు, లేవలేదు. జనం మైకత్తని నోటికొచ్చినట్టు తిట్టారు. ఎక్కడో పిల్లల కోసం ఇక్కడి నీడ పోగొట్టావన్నారు. డిగ్రీ అనలేదు గానీ, ఆ ముసలాయన పడిన చోట సుద్దముక్కతో ఎంత వేడో రాసి, మైకత్త వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు. ఆవిడ చదివి తలదించుకుంది.

మైకత్త ఉద్యోగం పోయింది. వేరే గొంతు రికార్డు చేసి పెట్టారు, తీయగా ఉంటుంది, ఎవరినీ పిలవదు. కానీ ఆ రోజు పిలిచినవాళ్ళందరూ ఇంకా వచ్చెయ్యలేదు కదా, పిల్లలు ఒకరూ ఇద్దరూ వస్తూనే ఉండేవాళ్ళు. మైకత్త రోజూ దూరప్రాంతం బస్సు వేళకి వచ్చి నిలబడేది. నేను వరస అడిగేవాణ్ణి, ఆవిడ చెప్పేది, తీసుకెళ్ళేది. ఒకసారి ఇంటికి వెళ్ళాను. వంటిల్లు కాక ఒక్కటే గది. గుమ్మం బయట చెప్పులు, ఎక్కువ భాగం ఒంటి చెప్పులు. లోపల గోడవారగా చాపలు, చాపల మీద పిల్లలు, అందరూ కూర్చునే ఉన్నారు. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల నా పళ్ళు టకటకలాడాయి. మైకత్త దుప్పటి కప్పుకుని పొయ్యి దగ్గర కూర్చుంది. గొంతు పూర్తిగా పోయింది. పిచ్చుక ఆవిడ పెదవులు చూసి నాకు చెప్పింది.

"ఇప్పుడిప్పుడే పడుకోవడం నేర్చుకుంటున్నారంటోంది బాబాయ్."

మూలగా ఒక పాప కళ్ళు మూసుకుని ఉంది. ముందొచ్చిన పాపే. దాన్ని లేపకుండా వెళ్ళమని మైకత్త నాకు సైగ చేసింది. ఆవిడ మొహంలో అంత సంతోషం ఎప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చి చెప్పులు తొడుక్కోకుండానే వీధిలోకి వచ్చేశాను.

ఆ తర్వాత మైకత్త ఎన్నాళ్ళో ఉండలేదు. ఆసుపత్రిలో చేర్చారు. చలి తగిలిందన్నాడు డాక్టరు, ఆ ఎండల్లో. పిచ్చుక మంచం పక్కనే ఉండిపోయింది. మైకత్త పోయిన రోజు నేను సెలవు పెట్టలేదు. డ్యూటీ దిగే వేళకి కౌంటరు మూస్తుంటే అంచు మీద రెండు చేతులు కనిపించాయి. ఒక పిల్లాడు. చొక్కా ఒక వైపు కాలిపోయింది.

"పిలిచారంట."

రేపు రా నాయనా అనబోయాను. మా ఇల్లు చిన్నది, మా ఆవిడకి అసలే ముక్కు మీద కోపం, నాకు ఇదంతా ఎందుకు అనుకున్నాను. వాడు అడగలేదు, బతిమాలలేదు. వెళ్ళి బల్ల మీద ఒక చివర కూర్చున్నాడు, ఇంకా వచ్చేవాళ్ళకి చోటు వదులుతూ. రికార్డు చేసిన తీయటి గొంతు నేను రోజూ ఇంటికెళ్ళే బస్సు బయల్దేరుతోందని చెప్పింది.

చెయ్యి చాపాను. పట్టుకున్నాడు. మోచేతి దాకా మొద్దుబారిపోయింది. బస్సెక్కి వాణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టాను. కండక్టరు కొత్తవాడు, నన్నెరగడు.

"ఎన్ని టికెట్లు?"

"ఒక ఫుల్లు, ఒక హాఫు."

కిటికీవైపు చూశాడు. తర్వాత రెండు టికెట్లు చింపి నా చేతిలో పెట్టాడు.

"బాబు చెయ్యి బయట పెడుతున్నాడు, చూసుకోండి," అని వెనక సీట్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.